పల్లె పాటగాడు సుద్దాల హనుమంతు

తెలంగాణమున కవులు పూజ్యమన్న మాటకు సమాధానముగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించినారు. పాలమూరు సీమలో పుట్టిన ఆ పండితుడు ఒకరిద్దరిని కాదు, 354 మంది కవులను లోకమునకు చూపినారు. ఆ మహాకార్యమును తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు గాని, అట్టి సంచికలకు అందని కవులు మరికొందరు ఆనాడే మన పల్లెలలో పెరుగుచుండిరి. వారికి గణములకంటె గజ్జెల చప్పుడు ఎక్కువ తెలియును. వారి కవిత్వము కాగితము మీద కంటె జనుల నాలుకల మీద ఎక్కువగా నిలిచినది. అట్టివారిలో ముందుగా చెప్పదగినవారు సుద్దాల హనుమంతుగారు.

ఇరవయ్యవ శతాబ్ది ఆరంభమున, నల్లగొండ జిల్లా మోత్కూరు ప్రాంతమునందలి పాలడుగు గ్రామములో, ఒక పేద పద్మశాలి కుటుంబమున ఆయన జన్మించినారు. ఇంటిపేరు గుర్రము. అయితే గుర్రం హనుమంతు అనిన ఈనాడు పోల్చుకొనువారు అరుదు. తరువాత స్థిరపడిన సుద్దాల గ్రామమే ఆయనకు ఇంటిపేరైనది. చిన్ననాటినుండియు హరికథలన్నను, యక్షగానములన్నను ఆయనకు ప్రాణము. బ్రతుకుతెరువుకై హైదరాబాదు చేరి కొంతకాలము చిన్న ఉద్యోగము చేసినారు. ఆ ఉద్యోగమునందే నిలిచియుండినచో ఈ వ్యాసము వ్రాయవలసిన అవసరము కలిగెడిది కాదు.

హనుమంతుగారి పాటను అర్థము చేసికొనుటకు ఆనాటి పల్లెను కొంత తెలిసికొనవలెను. నిజాము రాజ్యమున దేశముఖులు, జాగీర్దారులు గ్రామములపై సర్వాధికారము చలాయించుచుండిరి. వెట్టి అనునది ఒక్క కులమునకు పరిమితమైన కష్టము కాదు. చాకలి బట్టలుతుకవలెను, కుమ్మరి కుండలీయవలెను, మంగలి, వడ్రంగి, మాదిగ, మాల, గౌడ, సాలె, ఎవరి పని వారు దొరగడీకి కూలి లేక చేయవలెను. అప్పు తీర్చలేని తండ్రి తన కొడుకును జీతమునకు కుదుర్చును. ఈ జీతమన్న మాటకు నేటి విద్యార్థులు నెలకొకసారి చేతికందు రూప్యములని అర్థము చెప్పుకొనరాదు. అది ఏడాది పొడవున సాగు ఊడిగము, దానికి ప్రతిఫలము కొలిచిపోయు కొద్దిపాటి గింజలు. పాలబుగ్గల పసివాడు కూడ జీతగాడే.

1944లో భువనగిరిలో ఆంధ్రమహాసభ పదునొకండవ సమావేశము రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన జరిగినది. రూపాయిగానున్న సభ్యత్వ రుసుము అప్పుడు ఒక్క అణా అయినది. చూచుటకు ఇది లెక్కల పుస్తకమునకు సంబంధించిన చిన్న మార్పు. కాని ఆ అణా మూలముననే సంఘము పట్టణ విద్యావంతుల చేతులనుండి పల్లెలోని పాలేరు గుడిసెదాక పోయినది. హనుమంతుగారు ఆ గాలిలోనే ఉద్యమమునకు వచ్చినారు, సుద్దాల చుట్టుపట్ల సంఘపు పనిలో దిగినారు.

సంఘమునకు అప్పుడొక చిక్కుండెను. రాజ్యమున చదువ వ్రాయనేర్చినవారు నూటికి పదిమందియైనను లేరు. కరపత్రము పంచినచో చదువువారెవరు? ఉపన్యాసము చెప్పినచో ఒక పూట వినిపోవుదురు. పాట అట్లు కాదు. సాయంకాలము విన్నవాడు తెల్లవారి నాట్ల వద్ద దానినే పాడును. హనుమంతుగారు ఈ రహస్యమును బాగుగా ఎరిగినవారు. అయితే ఆయన క్రొత్త ప్రక్రియ నొకదానిని కల్పింపలేదు. ఊరివారి వద్దనే ఉన్న గొల్లసుద్దులను, బుర్రకథను, యక్షగానమును తీసికొని, వానిలోని విషయమును మార్చినారు.

గొల్లసుద్దులను ఎన్నడును చూడని పిల్లలకొరకు ఒక మాట చెప్పవలెను. భుజముపై గొంగడి, చేత కర్ర, కాళ్లకు గజ్జెలు గల కథకుడు సుద్దులు చెప్పును. ప్రక్కనున్నవాడు ఏమియు తెలియనివానివలె ప్రశ్నలు వేయును. వినువారి మనసులోని సందేహమునే ఆ అమాయకుడు అడుగుచుండును, కావున సభ మొత్తము కథలో పాలుపంచుకొన్నట్లే. నవ్వు పుట్టుచుండగనే విషయము బోధపడును. దొర దండుగ ఎందుకు వేసినాడు, నాగుకు తెచ్చిన గింజలు రెట్టింపు ఎట్లయినవి, ఈ లెక్కలను గొల్లసుద్దుల ప్రశ్నోత్తరములలో పెట్టినచో ఏ బడికి పోనివానికైనను తెలియకపోదు. బోధన వృత్తిలోనున్న మన ఉపాధ్యాయులు ఈ పద్ధతిని గమనింపదగును.

నేటి యువకులు ర్యాప్ అను గానమును మక్కువతో వినుచున్నారు. 1970ల దశాబ్దిలో న్యూయార్కు నగరమునందలి బ్రాంక్స్ వాడలలో నల్లజాతి యువకులు రాగముకంటె లయకును, లయకంటె మాటకును ప్రాధాన్యమిచ్చి తమ వీధి బ్రతుకును చెప్పుకొన్న ప్రక్రియ అది. దానికిని సుద్దాలవారి పాటకును చుట్టరికము లేదు. కాని అడుగు దెబ్బపై మాటను నడిపి, పెద్దలు వినగూడదన్న సంగతిని పదిమందికి వినిపించు పని మాత్రము రెండుచోట్లను ఒక్కటే.

ఆయన పాటలన్నింటిలోను ‘పల్లెటూరి పిల్లగాడా’ అను పాట ప్రసిద్ధము. దానిలో కవి పశువులను కాయు ఒక పసి జీతగానిని పలుకరించును. వాని చాలీచాలని చినిగిన అంగీని, కాలి చెప్పులను, తప్పటడుగుల నడకను, కొలతలో తాలు కలిపి పోసిన గింజలను ఒక్కొక్కటిగా చూచుచు పోవును. పిల్లవాడు మారుపలుకడు. దొరను తిట్టుటతో గాని, జెండాను పొగడుటతో గాని పాట మొదలుకాదు, తల్లి పాలు మరచిన ఒక బిడ్డ ముఖముతో మొదలగును. ఉద్యమ గీతములలో చాలవరకు ఆ వేళకు కావలసిన మాటను చెప్పి, ఆ వేళతోనే వెళ్లిపోవును. హనుమంతుగారి పాటలలోను అట్టివి లేకపోలేదు. ఈ పాట నిలిచినదనిన, ప్రచారము చేయవలెనన్న తొందరలో కూడ కవి ఆ పిల్లవానిని ఒక ఉదాహరణముగా మార్చలేదు. కరుణరసమునకు ఉదాహరణలు వెదకు మన అధ్యాపకులు ప్రబంధములతోపాటు దీనిని కూడ తరగతిలో చదివింపవచ్చును.

1946 జూలై 4వ తేదీన కడవెండిలో విసునూరు దేశముఖు మనుష్యుల కాల్పులకు దొడ్డి కొమురయ్య బలియైనాడు. కడవెండి జనగామ తాలూకాలోనిది, ఆనాడు ఆ తాలూకా నల్లగొండ జిల్లాలోనే యుండెను. అటుపిమ్మట ఉద్యమము సాయుధ పోరాటమైనది. 1948 సెప్టెంబరులో భారత సైన్యము వచ్చి నిజాము పాలన ముగిసినను అది ఆగలేదు, 1951 అక్టోబరులో గాని విరమింపబడలేదు. ఆ సంవత్సరములలో పాట పాడుటయు నేరమువంటిదే. ఆయుధము దొరికిన దానిని లాగికొనవచ్చును గాని, ఊరంతయు నేర్చిన పాటను ఏ పోలీసు జప్తు చేయగలడు? హనుమంతుగారి పాటలు ఆయనకంటె ముందుగా ఊళ్లు తిరిగినవి.

అందుచేత కవికి ఒక నష్టము కూడ కలిగినది. పాట అందరిదైనప్పుడు దానిని కట్టినవాని పేరు జారిపోవును. నల్లగొండ గడ్డపైననే పుట్టిన బండి యాదగిరి విషయమునను ఇట్లే జరిగినది, ఆయన కట్టిన బండి పాట వేలమంది నోళ్లలో పడినది గాని కవిని ఎరిగినవారు కొద్దిమందే. పోరాటము ముగిసిన పిమ్మట హనుమంతుగారు భార్య జానకమ్మతో, బిడ్డలతో సామాన్య జీవితము గడపినారు. పదవులు రాలేదు. వారి కుమారుడు అశోక్ తేజ ఉపాధ్యాయ వృత్తినుండి చలనచిత్ర గీతరచనకు పోయి, ‘ఠాగూర్’ చిత్రములోని గీతమునకు 2003వ సంవత్సరపు జాతీయ పురస్కారము నందినారు. తలిదండ్రుల ఇద్దరి పేరను ఒక పురస్కారమును కూడ నెలకొల్పినారు. ఇదంతయు హనుమంతుగారు చూడని కాలము.

చూచిన దొక్కటి కలదు. బి. నర్సింగరావు నిర్మాణమున, గౌతమ్ ఘోష్ దర్శకత్వమున ‘మా భూమి’ చిత్రము వెలువడినది. జీతగాని పాటను సంధ్య అందులో పాడినారు, యాదగిరి బండి పాటను గద్దరు పాడినారు. పోరాటము ముగిసి మూడు దశాబ్దులు కావచ్చినది. ఆ నడుమ పుట్టిన తరము, జీతగాడన్న మాటకు అర్థము పెద్దలనడిగి తెలిసికొనవలసిన పట్టణపు తరము, ఆ పసివానిని వెండితెరపై చూచి పాటను నేర్చుకొన్నది. ఆ పాటను కట్టినాయన అప్పటికి బ్రతికియే యున్నారు.

క్యాన్సరు వ్యాధితో 1982 అక్టోబరు 10వ తేదీన హనుమంతుగారు కన్నుమూసినారు. తుదిదినములలో ఆయన చేతిలో నుండినది ‘వీర తెలంగాణ’ అను యక్షగానము.