ఆర్యభటుడు – త్రిజ్యామానము

ఆర్యభటుడు క్రీ.శ. 476వ సంవత్సరమున జన్మించెను. ఈ కాలనిర్ణయమునకు అతని గ్రంథమే ఆధారము. కలియుగమున 3600 సంవత్సరములు గడచునప్పటికి తనకు 23 ఏండ్లు నిండినవని కాలక్రియాపాదమున తెలిపియున్నాడు, అది క్రీ.శ. 499. నీలకంఠ సోమయాజి ఇతనిని అశ్మకజనపదమున పుట్టినవానిగా పేర్కొనెను. అశ్మకము గోదావరీతీరదేశము, దాని రాజధానిని కొందఱు నిజామాబాదు జిల్లాలోని బోధనుగా గుర్తింతురు. ఇతని విద్యాక్షేత్రము కుసుమపురము. అది పాటలీపుత్రమేయని మొదటి భాస్కరుడు క్రీ.శ. 629 నాటి భాష్యమున వివరించెను.

ఆర్యభటీయమున గీతికాపాదమునందు 13, తక్కిన గణిత, కాలక్రియా, గోలపాదములయందు 108, వెరసి 121 పద్యములు గలవు. ఇంత చిన్న గ్రంథమున అతడు త్రిజ్యను 3438 కలలుగా గ్రహించెను. సిద్ధాంతపాఠకులు ఈ సంఖ్యను కంఠస్థము చేయుదురు. ఉపపత్తి నడుగువారు తక్కువ. వృత్తమునకు 360 అంశలు, అంశకు 60 కలలు. కావున పరిధి 21600 కలలు. వ్యాసము 20000 అయినచో పరిధి 62832 ఆసన్నమని అతడే చెప్పెను. త్రైరాశికముచే వ్యాసార్ధము 3437.74 కలలగును, పూర్ణాంకమున 3438. అనగా చాపమును కొలిచిన కలతోనే త్రిజ్యను గూడ కొలిచెను.

దీని ఫలము జ్యాఖండములయందు కానవచ్చును. 225 కలల చాపమునకు జ్యయు 225 కలలే. స్వల్పచాపము తన జ్యకు దాదాపు సమమను విషయము మానైక్యముచే సంఖ్యలలోనే తేటపడినది. త్రిజ్యను 120గా గ్రహించిన వరాహమిహిరునియందును, 3270గా గ్రహించిన బ్రహ్మగుప్తునియందును ఈ సామ్యము కనబడదు.

త్రిజ్యకు సమమైన చాపము కేంద్రమున చేయు కోణమును నేడు రేడియన్ అందురు. 1873లో బెల్‌ఫాస్టున జేమ్స్ థామ్సన్ కూర్చిన పరీక్షాపత్రమున ఆ పేరు అచ్చైనది. దాని విలువ సుమారు 57 అంశల 17 కలల 45 వికలలు. ఆర్యభటుని త్రిజ్యను అంశలుగా మార్చిన 57 అంశల 18 కలలు. కావున అంశలను 60చే గుణించి 3438చే భాగించిన రేడియన్లు లభించును. విపరీతక్రియచే అంశలు లభించును. 30 అంశలకు 1800 కలలు, భాగఫలము 0.5236.

ఇంతమాత్రమున ఆర్యభటుడే రేడియన్‌ను కనుగొనెననుట యుక్తము కాదు. అతడు ఆ కోణమునకు పేరిడలేదు. దానిని కోణప్రమాణముగా నిలుపలేదు. చాపత్రిజ్యలకు ఏకమానమును కల్పించెను. అతిశయోక్తి లేకయే ఆ గౌరవము అతనికి చెల్లును.

అతని భూభ్రమణవాదమును బ్రహ్మగుప్తుడు ఖండించెను. త్రిజ్యామానము మాత్రము నిలిచెను. నేడు లభ్యమగు సూర్యసిద్ధాంతమునను 3438యే గలదు. సంగమగ్రామ మాధవుడు దానిని 3437 కలల 44 వికలల 48 ప్రతివికలల వఱకు సూక్ష్మీకరించెను. 1975 ఏప్రిల్ 19న ప్రయోగింపబడిన భారతదేశ ప్రథమోపగ్రహమునకు అతని పేరిడిరి. పాఠశాలలలో ఆ సంఖ్యను ఉపపత్తితో బోధించుట అతనికి తగిన స్మరణ.