అల్జీమర్... జబ్బు కన్నా ముందు ఒక డాక్టర్

అల్జీమర్స్ అనగానే మీకు మతిమరుపు గుర్తొస్తుంది. కానీ అది ఒక డాక్టర్ ఇంటిపేరు. అలోయిస్ అల్జీమర్ 1864లో జర్మనీలోని మార్క్‌ట్‌బ్రైట్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. మెడిసిన్ పూర్తి చేసి, 1888లో ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలలో చేరారు. రోగులతో మాట్లాడటం ఎంత ఇష్టమో, మైక్రోస్కోప్ ముందు కూర్చోవడమూ అంతే ఇష్టం. ఆ రెండూ కలిసిన మనిషి కాబట్టే ఆయన కథ మీకు చెబుతున్నా.

1901 ఆయనకు కష్టకాలం. ముగ్గురు పిల్లల్ని వదిలి భార్య చనిపోయారు. ఆ నవంబరులోనే అగస్టె డేటర్ అనే 51 ఏళ్ల గృహిణిని ఆస్పత్రిలో చేర్చారు. జ్ఞాపకాలు పోతున్నాయి, భర్త మీద అనుమానం. అల్జీమర్ ఎదురుగా కూర్చుని పేరు అడిగేవారు, వస్తువులు చూపించి ఇవేంటని అడిగేవారు, వచ్చిన జవాబుల్ని రాసుకునేవారు. పేరు రాయమంటే ఆమె మొదలుపెట్టి మధ్యలోనే మర్చిపోయేది.

తర్వాత ఆయన క్రేపెలిన్ అనే పెద్ద ప్రొఫెసర్ దగ్గర చేరి, మ్యూనిక్ వెళ్లారు. అక్కడ కొంతకాలం జీతం లేకుండానే పనిచేశారు. భార్య తరఫు ఆస్తి ఉంది కాబట్టి సాగింది. ఇది చూపించి ఎవరైనా మిమ్మల్ని ఫ్రీ ఇంటర్న్‌షిప్ చేయమంటే మాత్రం ఒప్పుకోకండి!

ఊరు మారినా అగస్టెను ఆయన వదల్లేదు. 1906లో ఆమె చనిపోగానే కేసు ఫైలు, మెదడు రెండూ తెప్పించుకున్నారు. వెండి లవణాలతో రంగు పట్టించి చూస్తే కణాల బయట గడ్డలు, లోపల దారపు చిక్కుల్లాంటివి కనిపించాయి. గడ్డల్ని అంతకుముందు వేరేవాళ్లూ చూశారు. చిక్కులు కొత్త. ఆ నవంబరులో ట్యూబింగెన్ సదస్సులో చెబితే ఒక్కరూ ప్రశ్న అడగలేదు. 1910లో క్రేపెలిన్ తన పాఠ్యపుస్తకంలో ఆ జబ్బుకు అల్జీమర్ పేరు పెట్టారు.

రోగి చనిపోతే తప్ప ఆయనకు కనిపించనివి ఇప్పుడు బతికుండగానే కనిపిస్తున్నాయి. అమిలాయిడ్ పెట్ స్కాన్‌లో గడ్డలు, టావ్ పెట్‌లో చిక్కులు తెలుస్తాయి. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ ఎంత కుంచించుకుపోయిందో ఎంఆర్‌ఐలో కొలుస్తారు. అయితే గడ్డలున్నా మతిమరుపు రానివాళ్లున్నారు. కాస్త మతిమరుపుతో ఆగిపోయేవాళ్లూ ఉన్నారు. ఎవరికి ముదురుతుందో చెప్పాలంటే స్కాన్ ఒక్కటే చాలదు. అదే మనిషిని ఏళ్ల తరబడి పరీక్షించి, ఏమైందో రాసిపెట్టాలి. 2004లో అమెరికాలో మొదలైన ఏడీఎన్‌ఐ ప్రాజెక్టు చేస్తున్నది అదే. మెషీన్ లెర్నింగ్ భాషలో అది లేబుల్. అల్జీమర్ మంచం పక్కన కూర్చుని చేత్తో రాసింది కూడా అదే కదా!

మీరు ఈ డేటాతో ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తుంటే ఒకటి చూసుకోండి. ఒకే రోగి స్కాన్లు ట్రైనింగ్‌లోనూ టెస్టింగ్‌లోనూ పడితే మోడల్ జబ్బును కాదు, మనిషిని గుర్తుపడుతుంది. ఆ యాక్యురసీని రెజ్యూమెలో పెడితే ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నకే దొరికిపోతారు.

అల్జీమర్ ఇవేవీ చూడలేదు. 1912లో బ్రెస్లావ్‌లో ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది. చేరడానికి వెళ్తూ రైల్లోనే జబ్బుపడ్డారు, మళ్లీ పూర్తిగా కోలుకోలేదు. 1915 డిసెంబరులో చనిపోయేనాటికి ఆయన వయసు 51. అగస్టె ఆస్పత్రిలో చేరిన వయసే.

ఆమె ఫైలు ఏమైందో చాలా ఏళ్లు ఎవరికీ తెలియలేదు. 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాత కాగితాల మధ్య దొరికింది. ఆమె తన పేరు రాయబోయి ఆగిపోయిన కాగితం కూడా అందులోనే ఉంది.