ఋత్విక్ ఘటక్ : జీవితము, చలనచిత్ర సాధన

సత్యజిత్ రాయ్ పేరెరుగని విద్యావంతుడు మన దేశమున అరుదు. ఆయనకు సమకాలికుడై వంగభాషలోనే చిత్రములు నిర్మించిన ఋత్విక్ ఘటక్ పేరు మాత్రము చాలకాలము ఇతర రాష్ట్రముల వారికి అంతగా తెలియదయ్యెను. ఆయన పూర్తిచేసిన కథాచిత్రములు ఎనిమిది మాత్రమే. వానిలో మొదటిదియు కడపటిదియు ఆయన మరణించిన పిదపనే ప్రేక్షకులను చేరినవి.

ఘటక్ 1925 నవంబరు 4వ తేదీన ఢాకా నగరమున కవల సోదరితో కూడ జన్మించెను. తండ్రి సురేశచంద్ర ఘటక్ జిల్లా మేజిస్ట్రేటు. అన్న మనీశ్ ఘటక్ రచయిత. భారతీయ సాహిత్యములు చదువువారికి సుపరిచితయైన మహాశ్వేతాదేవి ఈ మనీశ్ కుమార్తెయే. 1943 నాటి కరవును, 1947 నాటి విభజనమును ఘటక్ యౌవనమున చూచెను. జన్మభూమి పరదేశమయ్యెను. ఒకే భాష, ఒకే పాట, ఒకే నది గల ప్రజ రెండు రాజ్యములుగా చీలుటను ఆయన మనస్సు తుదివరకు అంగీకరింపలేదు.

మొదట కథలు వ్రాసి, అంతకంటె ఎక్కువమందిని చేరవలెనను తలంపుతో ఆయన నాటకమునకు మరలెను. మన ఆంధ్రదేశమున ప్రజానాట్యమండలి ఏ అఖిలభారత సంస్థకు శాఖయో, ఆ సంస్థ వంగశాఖలో ఘటక్ నటించెను, నాటకములు వ్రాసెను. అభిప్రాయభేదములచే 1955లో కమ్యూనిస్టు పార్టీ ఆయనను బహిష్కరించెను.

తొలిచిత్రము "నాగరిక్" 1955 నాటి "పథేర్ పాంచాలీ" కంటె ముందే పూర్తియైనను విడుదల కాలేదు. అయియుండినచో చరిత్ర మారెడిదని కొందరందురు. ఈ ఊహ నిష్ప్రయోజనమని నా అభిప్రాయము. అది తొలిచేతి తడబాట్లు గల చిత్రము. అయినను కాలక్రమము నిర్ణయించువారు దానిని విస్మరింపరాదు. 1958లో సుబోధ్ ఘోష్ కథ ననుసరించి "అజాంత్రిక్" వెలువడెను. ఒక టాక్సీ నడుపువానికి తన పాత కారుపై గల మమకారమే ఇందలి వస్తువు. ఈ పేరు మన "అయాంత్రిక" శబ్దమే. "మేఘే ఢాకా తారా", "కోమల గాంధార్", "సువర్ణరేఖా" అను తరువాతి పేర్లలో సైతము తెలుగు పాఠకునకు నిఘంటువుతో పనిపడునది "ఢాకా" అను మాట ఒక్కటే. కప్పబడినదని దాని అర్థము.

ఈ మూడును కాందిశీకుల కథలు. 1960 నాటి "మేఘే ఢాకా తారా"లో నీత అను పెద్దకుమార్తె కుటుంబభారమంతయు మోసి క్షయరోగమునకు బలియగును. ప్రియుడు తన చెల్లెలినే వరించెనని తెలిసి ఆమె మెట్లు దిగునపుడు కొరడాదెబ్బల ధ్వని వినవచ్చును. 1961 నాటి "కోమల గాంధార్"లో, ఒకప్పుడు ఆవలి గట్టునకు ప్రయాణికులను చేర్చిన రైలుపట్టాలు పద్మానది యొడ్డున ఆగిపోయియుండగా, కెమేరా వానివెంట పరుగిడి అడ్డుకట్టకు తగులును, తెర నల్లబడును. "సువర్ణరేఖా"లో అన్న తాగిన మైకమున వేశ్యాగృహమునకు పోయి అచ్చట తాను పెంచిన చెల్లెలినే కాంచును. ఆమె ప్రాణత్యాగము చేసికొనును.

ఇది అతినాటకీయమనియు, యాదృచ్ఛికములు మితిమీరినవనియు విమర్శకులు దూషించిరి. కాని హరికథ, వీథినాటకము ఎరిగిన మనకు ఈ పద్ధతి వింత గాదు. వంగదేశపు జాత్రానాటకము కూడ ఉద్వేగమును దాచదు. ఘటక్ దానిని తెలిసియే గ్రహించెను. ఇంటి గడప దాటిన ప్రతి స్త్రీయు ఎవరికో చెల్లెలే యను మాట అంతకంటె మెల్లగా చెప్పుట సాధ్యమా?

"సువర్ణరేఖా" 1962లో తయారై 1965లో గాని విడుదల కాలేదు. అటుపై పదేండ్లకు పైగా ఆయన ఒక్క కథాచిత్రమైనను ముగింపలేదు. ధనాభావము కొంత, మద్యపానము కొంత కారణములు. రెండవదానిని మరుగుపరచుట జీవితచరిత్రకారునకు తగదు. ఈ నడుమ పుణె చలనచిత్ర విద్యాలయమున కొంతకాలము బోధించెను. మణి కౌల్, కుమార్ శహాని, జాన్ అబ్రహాం ఆయన శిష్యులు. వీరిలో ఏ ఒక్కరును గురువు పోకడను అనుకరింపలేదు. బోధనావృత్తిలో నున్న నాకు ఇది ఆయన ఎనిమిది చిత్రములతో సమానమైన కార్యముగ తోచును.

బంగ్లాదేశ్ అవతరించిన పిదప ఆయన అచ్చటికేగి, అద్వైత మల్లబర్మన్ నవల ఆధారముగ, జాలరుల జీవితమును గూర్చి "తితాష్ ఏక్‌టి నదీర్ నామ్" నిర్మించెను. అది 1973లో విడుదలయ్యెను. 1974లో పూర్తియైన "జుక్తి తక్కో ఆర్ గప్పో"లో త్రాగుబోతైన మేధావి నీలకంఠుని పాత్రను తానే ధరించెను. 1976 ఫిబ్రవరి 6వ తేదీన, ఏబదియవ యేట, కలకత్తాలో మరణించెను. మరుసటి సంవత్సరము సెప్టెంబరులో, కొలది దినముల తేడాతో, "నాగరిక్", "జుక్తి తక్కో ఆర్ గప్పో" రెండును విడుదలయ్యెను.