సంస్కృతం దక్కని బాలుడు, 60 కోర్సుల విద్యార్థి: అంబేడ్కర్ చదువుల ఎంపిక

సెమిస్టర్ మొదలయ్యే వారంలో మన యూనివర్సిటీ హాస్టళ్లలో ఒకటే చర్చ. ఏ ఎలక్టివ్‌లో మార్కులు బాగా పడతాయి, ఏ సారు హాజరు గట్టిగా చూడరు, ఏ పేపర్‌కు సీనియర్ల నోట్స్ దొరుకుతాయి. ఇదే కాలంలో ఎక్కడో ఒకచోట సభ జరుగుతుంది. రోజుకు 18 గంటలు చదివిన అంబేడ్కర్ ఎక్కడ, తేలిక పేపర్లు వెతుక్కునే మీరెక్కడ అని వేదిక మీది పెద్దమనిషి పిల్లల్ని దెప్పుతాడు. ఆ పోలిక నాకెప్పుడూ నచ్చదు. అంబేడ్కర్ ఏ చదువు ఎంచుకున్నారు, ఏది ఎంచుకోనివ్వలేదు, ఏ షరతుల మధ్య ఎంచుకున్నారు అన్నది చూస్తే ఆయన జీవితం పిల్లల్ని తిట్టడానికి పనికొచ్చే కథ కాదని తెలుస్తుంది.

ఆయన విద్యార్థి జీవితంలో మొదటి ఐచ్ఛికం అసలు ఐచ్ఛికమే కాదు. 1891 ఏప్రిల్ 14న మహూలో పుట్టి, సతారా బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చుని చదివిన భీమ్‌రావ్, కుటుంబం బొంబాయి చేరాక ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చేరారు. అది ప్రభుత్వ బడి. అక్కడ రెండో భాషగా సంస్కృతం తీసుకోవాలని ఆయన ఆశ. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదార్‌గా చేసినవాడు, ఇంట్లో భక్తి గ్రంథాలు చదివించేవాడు. కానీ అంటరాని కులం పిల్లవాడికి సంస్కృతం చెప్పడానికి పంతులు ఒప్పుకోలేదు. పారశీకం తీసుకోక తప్పలేదు. నిబంధనల పుస్తకంలో రెండు భాషలూ ఉన్నాయి, తరగతి గదిలో ఒకటే ఉంది. కాగితం మీది ఐచ్ఛికాలకూ నిజంగా అందేవాటికీ మధ్య ఈ తేడా ఏమిటో మన విద్యార్థులకు వేరే చెప్పనక్కర్లేదు.

1907లో మెట్రిక్ పాసయ్యారు. మార్కులు 750కి 282. ఈ అంకెను నేను కావాలనే రాస్తున్నాను. పుట్టుకతోనే మేధావి అన్న బొమ్మ గీసేవాళ్లు దీన్ని దాటేస్తారు. ఆ మార్కులకే మహర్లు సభ పెట్టి సన్మానం చేశారు, ఎందుకంటే ఆ కులంలో మెట్రిక్ దాటడమే అప్పటికి అపురూపం. ఆ సభలో కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను రాసిన బుద్ధుడి చరిత్రను బహుమతిగా ఇచ్చారు. తర్వాత బరోడా మహారాజు సయాజీరావ్ గాయక్వాడ్ దగ్గరికి తీసుకెళ్లిందీ ఆయనే. నెలకు 25 రూపాయల ఉపకారవేతనం దొరికింది. ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో ముల్లర్ అనే ప్రొఫెసర్ పుస్తకాలు, బట్టలు ఇచ్చి ఆదుకున్నారు. అదే కాలేజీ హోటల్లో మంచినీళ్లు మాత్రం పుట్టలేదు. 1912లో బీఏ అయింది. 1913 ఫిబ్రవరిలో తండ్రి పోయారు.

అదే ఏడాది బరోడా సంస్థానం ఆయన్ను అమెరికా పంపింది. జూన్ 4న ఒప్పందం మీద సంతకం చేశారు. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లు. చదువయ్యాక పదేళ్లు సంస్థానానికి కొలువు చేయాలి. ఈ రోజు ఫెలోషిప్ మీద బతికే పరిశోధకులకు ఈ లెక్క బాగా అర్థమవుతుంది. మూడేళ్లంటే మూడేళ్లే. అందులో ఎంఏ ముగించాలి, పీహెచ్‌డీ థీసిస్ మొదలుపెట్టాలి, మిగిల్చిన డబ్బు ఇంటి దగ్గర రమాబాయికి పంపాలి. ఇలాంటి వాడు తేలికైన దారి వెతికితే ఎవరూ తప్పు పట్టలేరు. డిగ్రీకి ఎంత అవసరమో అంతే చదివి, మిగతా సమయం థీసిస్‌కు పెట్టుకోవడమే తెలివైన లెక్క.

ఆయన చేసింది వేరు. 1913 జులైలో న్యూయార్క్ చేరి కొలంబియా విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రాల విభాగంలో చేరారు. అక్కడ ఆయన నమోదు చేసుకున్న కోర్సుల పట్టిక దొరుకుతుంది. అర్థశాస్త్రంలో 29, చరిత్రలో 11, సమాజశాస్త్రంలో 6, తత్వశాస్త్రంలో 5, మానవశాస్త్రంలో 4, రాజకీయాల్లో 3, ప్రాథమిక ఫ్రెంచ్ ఒకటి, ప్రాథమిక జర్మన్ ఒకటి. కలిపితే 60. డిగ్రీకి కావలసిన దానికంటే ఇది చాలా ఎక్కువ.

ఈ పట్టికను కాస్త నిదానంగా చదవాలి. సగం దాకా అర్థశాస్త్రమే. అంటే ఆయన దొరికినదల్లా చదివేయలేదు, ఇల్లు ఒకచోట కట్టుకున్నారు. ఆ ఇంటికి పెద్దదిక్కు ఎడ్విన్ సెలిగ్మన్, పన్నుల మీద, ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాల మీద ఆనాటి పెద్ద పండితుడు. ఈస్టిండియా కంపెనీ పాలన, ఆదాయ వ్యయాల మీద 1915లో అంబేడ్కర్ రాసిన వ్యాసం, ఆ తర్వాతి థీసిస్, రెండూ ఆ శిక్షణలోంచి వచ్చినవే. ఫ్రెంచ్, జర్మన్ మాత్రం ఇష్టంతో తీసుకున్నవని అనుకోను. ఆ రోజుల్లో అమెరికాలో పీహెచ్‌డీకి ఆ రెండు భాషలూ చదవగలగాలని అడగడం మామూలు. అవసరం కోసం నేర్చుకున్న ఆ జర్మన్ వృథా పోలేదు. 1921లో లండన్‌లో ఉండగా జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో చేరడానికి అర్జీ పెట్టుకున్నది జర్మన్‌లోనే.

మిగిలినవి పక్క పేపర్లు. జాన్ డ్యూయీ దగ్గర తత్వశాస్త్రం, ఫ్రాంక్లిన్ గిడ్డింగ్స్ దగ్గర సమాజశాస్త్రం, జేమ్స్ షాట్‌వెల్, జేమ్స్ హార్వీ రాబిన్సన్‌ల దగ్గర చరిత్ర, అలెగ్జాండర్ గోల్డెన్‌వైజర్ దగ్గర మానవశాస్త్రం. ఇవి లేకపోయినా అర్థశాస్త్రంలో డాక్టరేట్ వచ్చేది. కానీ 1916 మే 9న ఆయన భారతదేశంలో కులాల పుట్టుక మీద పత్రం చదివింది సెలిగ్మన్ తరగతిలో కాదు, గోల్డెన్‌వైజర్ మానవశాస్త్ర సెమినార్‌లో. కులానికి ప్రాణం అంతర్వివాహమేనని, సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం ఆ కంచెను కాపాడే పద్ధతులని, ఆ కంచెను ముందు పురోహిత వర్గం కట్టుకుంటే మిగతావాళ్లు అనుకరించారని అందులో వాదించారు. అనుకరణ గురించిన ఆ వాదనకు ఆయన ఫ్రెంచ్ సామాజికవేత్త గాబ్రియేల్ టార్డ్‌ను ఆసరా చేసుకున్నారు. అప్పటికి వయసు 25. మరుసటి ఏడాది ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో అచ్చయిన ఆ పత్రం నుంచే మనం ఇప్పటికీ కులం గురించిన చర్చ మొదలుపెడుతున్నాం. మానవశాస్త్రంలో నాలుగంటే నాలుగు కోర్సుల ఫలితం అది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. అంబేడ్కర్ అంత విస్తారంగా చదవగలిగింది కొలంబియా తలుపులు మూయలేదు కాబట్టి. హాస్టల్లో నావల్ భతేనా అనే పార్శీ మిత్రుడితో ఒకే చోట ఉన్నారు, ఒకే బల్ల దగ్గర తిన్నారు. ఏ ప్రొఫెసరూ కులం అడగలేదు. పాత పుస్తకాల అంగళ్లు తిరిగి సుమారు 2,000 పుస్తకాలు కొన్నారని జీవితచరిత్రకారులు రాశారు. సంస్కృతం తరగతి గుమ్మం దగ్గర ఆగిపోయిన పిల్లవాడికి మొదటిసారి కోర్సుల జాబితా నిజంగా జాబితాలా కనిపించింది. దాన్ని ఆయన ఆకలిగా చదివారు. మన క్యాంపస్‌లలో తరగతిలో నోరు తెరిస్తే ఇంగ్లిష్‌ను చూసి నవ్వుతారన్న భయంతో, ఇంటర్నల్ మార్కులు ఎవరి చేతిలో ఉన్నాయో తెలిసి, పేరు వెనక కులం వాసన పట్టే పేపర్ నుంచి తప్పుకునే విద్యార్థికి సోమరితనం అంటగట్టడం అన్యాయం. వాళ్లు తేలికైన పేపర్ వెతకడం లేదు, ప్రమాదం లేని పేపర్ వెతుకుతున్నారు. రెండూ ఒకటి కావు.

నిబంధనలు తెలుసుకోవడంలో మాత్రం అంబేడ్కర్‌ను గట్టిగా అనుసరించవచ్చు. 1916లో లండన్ వెళ్లి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ, న్యాయశాస్త్రం కోసం గ్రేస్ ఇన్‌లోనూ చేరారు. ఉపకారవేతనం గడువు తీరి 1917లో వెనక్కి పిలుపొచ్చినప్పుడు చదువు వదిలేసి రాలేదు. నాలుగేళ్లలోపు తిరిగొచ్చి కొనసాగించేలా విశ్వవిద్యాలయం నుంచి అనుమతి తీసుకుని ఓడెక్కారు. విడిగా పంపిన పుస్తకాల ఓడ టార్పెడో దెబ్బకు మునిగింది. బరోడాలో కొలువు దొరికినా ఇల్లు దొరకలేదు. పార్శీ సత్రంలో 11వ రోజున కర్రలు పట్టుకున్న మనుషులు వచ్చి వెళ్లగొట్టారు. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో 1918 నుంచి పాఠాలు చెప్పి కూడబెట్టిన డబ్బు, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, భతేనా ఇచ్చిన 5,000 రూపాయల అప్పు పట్టుకుని 1920లో, గడువు దాటకముందే, లండన్ చేరారు. 1921లో ఎంఎస్సీ, 1923లో రూపాయి సమస్య మీద డీఎస్సీ. దానికి ముందు పరీక్షకులు థీసిస్ మార్చి రాయమన్నారు, మార్చి రాసి ఇచ్చారు.

కొలంబియా పీహెచ్‌డీ కథ ఇంకా విచిత్రం. థీసిస్ 1916లోనే అయింది. కానీ దాన్ని పుస్తకంగా అచ్చేసి ప్రతులు విశ్వవిద్యాలయానికి అప్పగిస్తేనే పట్టా. అచ్చుకు డబ్బు కావాలి. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ పరిణామం మీద ఆ పుస్తకం లండన్‌లో 1925లో వచ్చింది, సెలిగ్మన్ ముందుమాటతో, సయాజీరావ్‌కు అంకితంగా. పట్టా 1927లో అందింది. చదువు పూర్తయ్యాక పట్టా చేతికి రావడానికి 11 ఏళ్లు. మహద్ చెరువు సత్యాగ్రహం జరిగింది కూడా ఆ ఏడాదే.

మన దగ్గర 2015 తర్వాత క్రెడిట్ల పద్ధతి వచ్చింది. కోర్, ఎలక్టివ్, స్కిల్ పేపర్ అంటూ నిబంధనలు పదుల పేజీలు, చాలాచోట్ల ఇంగ్లిష్‌లో మాత్రమే. ఇంట్లో డిగ్రీ చూసినవాళ్లు లేని పిల్లలు వాటిని సీనియర్ నోటి మాటగా వింటారు. ఒక క్రెడిట్ తగ్గిందని చివరి సెమిస్టర్‌లో తెలిసి, ఉపకారవేతనం గడువు దాటిపోయి, సొంత డబ్బుతో ఫీజు కట్టినవాళ్లను నేను చూశాను. అంబేడ్కర్ విద్యార్థి సంఘాలు స్వాగత సభలతోపాటు మొదటి వారంలో ఒక పూట కూర్చుని ఆ నిబంధనలు తెలుగులో చదివి వినిపిస్తే బాగుంటుంది. ఎన్ని క్రెడిట్లు, ఏది తప్పనిసరి, ఏ పేపర్ మార్చుకోవడానికి ఏ తేదీ దాకా వీలు, హాజరు తగ్గితే ఏమవుతుంది. ఇవి తెలిస్తే తేలికైన పేపర్ ఒకటి తీసుకుని, మిగిలిన సమయంలో తనకు నిజంగా కావలసిన కష్టమైన పేపర్ ఒకటి తీసుకోవచ్చు.

విశ్వవిద్యాలయం పరీక్షలు పెట్టే సంస్థగా మిగిలిపోకూడదని, బోధన, పరిశోధన దాని పని కావాలని బొంబాయి విశ్వవిద్యాలయ సంస్కరణల కమిటీకి అంబేడ్కర్ లిఖితపూర్వకంగా చెప్పారు. తర్వాత 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచినప్పుడు ఉద్యోగాలు చేసుకునే విద్యార్థుల కోసం తరగతులు ఉదయం పెట్టించారు. 1950లో ఔరంగాబాద్‌లో రెండో కాలేజీ. 1952లో కొలంబియా గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1953 జనవరి 12న హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం డీలిట్ ఇచ్చింది. బడిలో చెప్పనన్న సంస్కృతాన్ని ఆయన అప్పటికి చాలా ఏళ్ల ముందే సొంతంగా, కొందరు పండితుల సాయంతో నేర్చుకున్నారు.