సర్ రొనాల్డు రాసు : జ్వరమును లెక్కకు దెచ్చిన వైద్యుడు

అరకు లోయలోను, దాని చుట్టునుగల తూర్పుకనుమల మన్యములోను చలిజ్వరమన నెట్టిదో యెఱుగని యిల్లు పూర్వము లేదనియే చెప్పవచ్చును. సవర భాష నేర్వనెంచి కొండలలో దిరిగిన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు ఈ జ్వరమున బడి, క్వినైను మిక్కిలిగా పుచ్చుకొనుటచే వినికిడి గోల్పోయిన సంగతి మన చదువరు లెఱుగుదురు. అట్టి నష్టము ఏ మరణపట్టికలోను జేరదు గదా! ఈ జ్వరముచే కొండలలో నెందఱు జబ్బుపడిరి, ఎందఱు మృతిచెందిరి యని యడిగినచో సరియైన యుత్తరము చెప్పుట మిక్కిలి కష్టము. ఇట్టి ప్రశ్నకు త్రోవజూపిన మహనీయులలో సర్ రొనాల్డు రాసుగా రొకరు. దోమ రహస్యమును గనిపెట్టినవారుగా ఆయనను బాలురందఱు నెఱుగుదురు. లెక్కలు దెలిసిన వైద్యునిగా నెఱిగినవారు తక్కువ. కావున ఆ దృష్టితో వారి చరిత్రమును ఇందు సంగ్రహించుచున్నాము.

రాసుగారు 1857వ సంవత్సరము మే 13వ తేదీన హిమాలయ ప్రాంతమందలి అల్మోరాలో జన్మించిరి. తండ్రి సైన్యమున నధికారి. ఎనిమిదవ యేట కుమారుని చదువునకై ఇంగ్లండునకు బంపెను. బాలునకు కవిత్వము, సంగీతము, చిత్రలేఖనము లందు మక్కువ. తండ్రికి కుమారుడు వైద్యుడు కావలెనని కోరిక. తండ్రి మాటయే నెగ్గెను. లండనులో వైద్యము చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసున జేరి, రాసుగారు మద్రాసు రాజధానిలో ఉద్యోగము చేయనారంభించిరి. అచ్చట తీరిక వేళలందు తమంతట తాము గణితశాస్త్రము నభ్యసించిరి. వైద్యునకు గణితమేల యని చూచువారికి దోచియుండవచ్చును. తుదకు ఆ విద్యయే వారికి గొప్ప యాయుధమాయెను.

1894లో సెలవుపై లండనులో నున్నపుడు మాన్సను అను వైద్యుడు రాసుగారికి రోగి రక్తమున చలిజ్వరపు క్రిమిని జూపి, దానికిని దోమలకును సంబంధముండునని తన యూహను దెలిపెను. మరుసటి యేట రాసుగారు సికింద్రాబాదు చేరి పరిశోధన మొదలిడిరి. నడుమ బెంగుళూరున కలరా నివారణపు పనికి బంపబడి, 1897లో మరల వచ్చిరి. ఎన్నో దోమలను కోసి చూచినను చాలకాలము ఫలము గలుగలేదు. కారణ మేమన, అవి చాలవఱకు మనుష్యుల చలిజ్వరమును మోయని జాతివి. ఆ ఆగస్టు నెలలో రెక్కలపై మచ్చలుగల వేఱొక జాతి దోమలు దొరికెను. హుసేన్ ఖాన్ అను రోగి, దోమకు అణా చొప్పున పుచ్చుకొని, వానిచే కుట్టించుకొనెను. 20వ తేదీన బేగంపేట ఆసుపత్రిలో అట్టి దోమ కడుపుగోడయందు చలిజ్వరపు క్రిమి పెరుగుట రాసుగారికి గానవచ్చెను. 1898లో కలకత్తాయందు పక్షుల జ్వరముపై పరిశోధించి, క్రిమి దోమకాటు వలననే ఒక ప్రాణినుండి మఱియొక ప్రాణికి జేరునని స్థాపించిరి. 1902లో వారికి నోబెల్ బహుమానము లభించెను.

జాతిభేద మెఱుగక ఎన్ని దోమలను జూచినను తెలియవచ్చునది లేదని సికింద్రాబాదు వారికి నేర్పెను. మరణముల లెక్కయు నట్టిదే. ఆ దినములలో మన పల్లెలయందు చావు సంభవించినచో, ఆ వార్త విని గ్రామోద్యోగి పుస్తకమున వ్రాయుచుండెను. వైద్యుడు ఆ రోగిని చూచియే యుండడు. ఒడలు వేడెక్కి మృతినొందిన ప్రతివాడును జ్వరములను గడిలో జేరుచుండెను. చలిజ్వరము, సన్నిపాతము, ఊపిరితిత్తుల వాపు, క్షయ యన్నియు ఆ యొక్క గడిలోనివే. బ్రిటిషు ఇండియా మరణపట్టికలలో సగమునకు మించి ఇట్లు జ్వరముల క్రిందనే వ్రాయబడిన సంవత్సరములు పెక్కులు. మైదానపు గ్రామములలోనే ఇట్లుండగా, దారిలేని కొండగూడెములలో వ్రాయువాడెవడు? వ్రాయబడని చావు పట్టికలో సున్నయై కనబడును. ఆ సున్నను జూచి దొరతనమువారు అచ్చట క్షేమమే యనుకొనుటకు వీలున్నది.

ఈ చిక్కునకు రాసుగారు మారిషసు ద్వీపమున అవలంబించిన యుపాయము గమనింపదగినది. ఆ ద్వీపము మన తెలుగువారికి పరాయిది కాదు. మన కోస్తా రేవులనుండి యోడలెక్కి, చెఱకు తోటలలో కూలికై అచ్చటికి బోయినవా రెందఱో కలరు. కోరంగి రేవు పేరు మీదుగానే తెలుగువారి నచ్చట పిలిచెడివారు. 1866 మొదలుకొని అచ్చట చలిజ్వరము ప్రబలి వేలకొలది జనులను బలిగొనెను. 1907లో దాని నివారణమార్గము జెప్పుటకై రాసుగారు అచ్చటికి వెళ్లిరి. వారు మరణపుస్తకములతోనే తృప్తి నొందక, పిల్లల ప్లీహమును, అనగా మనవారు బల్ల యని వ్యవహరించు దానిని, తడవి చూచు పద్ధతిని విరివిగా నవలంబించిరి. పలుమాఱు చలిజ్వరము తగిలిన బిడ్డకు బల్ల పెరుగును. ఒక యూర నూర్గురు పిల్లలను జూచి, అందెందఱకు బల్ల పెరిగినదో యెంచినచో, ఆ యూరి జ్వరతీవ్రత తెలియవచ్చును. ఈ పరీక్ష వారు కల్పించినది గాదు. 1840 ప్రాంతముల డెంప్‌స్టరు అను వైద్యుడు ఉత్తర హిందూస్థానమందలి కాలువగట్టు గ్రామములలో దీనిని వాడియుండెను. ఇతర రోగములవలనను బల్ల పెరుగవచ్చును గనుక ఇదియు దోషరహితము గాదు. అయినను ఇందు రెండు గుణములు కలవు: చూచినవాడు స్వయముగా చూచును, ఎందఱిని చూచెనో చెప్పును.

అటుపిమ్మట 1910లో చలిజ్వర నివారణమును గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించి, అందు రోగవ్యాప్తిని గణితసూత్రములచే వివరించిరి. దోమల నన్నిటిని జంపనక్కఱలేదు, ఒక మితికి తగ్గించినచో జ్వరము తనంతట క్షీణించునని వారి సిద్ధాంతము. నేడు అంటురోగముల గణితము నభ్యసించువారు ఆయనను తమ పెద్దలలో నొకనిగా నెంచుచున్నారు.

రాసుగారియందు లోపములు లేకపోలేదు. కోప మెక్కువ. ఇటలీ దేశపు గ్రాసీ పండితునితో ఈ కీర్తి యెవరిదని చిరకాలము కలహించిరి. 1932 సెప్టెంబరు 16వ తేదీన లండనులో స్వర్గస్థులైరి.

వారి పాఠము నేటికిని పాతబడలేదు. 1918లో వచ్చిన మహా ఇన్‌ఫ్లుయెంజాచే మన దేశమున సుమారు 60 లక్షలమంది మరణించిరని మొదట లెక్కించిరి. 1921 జనగణనము పిమ్మట చూడగా ఆ సంఖ్య కోటికి మించెను. ఉపద్రవ సమయమున చావులు వ్రాయవలసిన గ్రామోద్యోగులే మంచమెక్కిన, పుస్తకము నింపువా రెవ్వరు? కోవిడు వ్యాధియందు 2021 అంతమునకు మన దేశమున ప్రకటింపబడిన మరణములు సుమారు 4 లక్షల 81 వేలు. మామూలు సంవత్సరములకంటె హెచ్చుగా గలిగిన మరణము లెన్నియని విచారించి, ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2022లో వానిని సుమారు 47 లక్షలుగా నంచనావేసిరి. మన ప్రభుత్వము ఆ గణనపద్ధతిని అంగీకరింపలేదు. మేమిందు తీర్పు చెప్పబూనలేదు. ప్రకటింపబడిన సంఖ్య పరీక్షింపబడిన వారిని, వ్రాయబడిన వారిని మాత్రమే తెలుపుననియు, అంచనా దాని పద్ధతియంత బలముగలదే యనియు గ్రహించిన చాలును.

మన్యమున ఈ విచక్షణ మఱింత యవసరము. వానలలో వాగులు పొంగి ఆరోగ్యోద్యోగి గూడెమునకు జేరలేనిచో ఆ నెల రక్తపరీక్షలు తగ్గును. పరీక్షలు తగ్గినచో పట్టికలో జ్వరమును తగ్గును. రోగి మాత్రము కంబళి క్రింద వణకుచునే యుండును. లెక్క తగ్గిన తావునకు మందును తగ్గునేని, ఎవ్వరును లెక్కింపనివారే మొదట నష్టపోవుదురు.

విద్యార్థులారా! పత్రికలో నొక సంఖ్య కనబడినపుడు మూడు ప్రశ్నలు వేయుడు. ఎవరు లెక్కించిరి? ఎందఱిని జూచి లెక్కించిరి? ఎవరిని జూడలేదు? మీ యింటివారును తమ గూడెమున సంభవించు పుట్టుకను, చావును తప్పక వ్రాయింపవలెను. మన పెద్దలలో నొకరు గతించినపుడు పుస్తకమున ఒక పంక్తి వ్రాయించుట వారికి మనము జేయు తుది మర్యాదలలో నొకటి. వెనుకటివారి ప్రాణములను గాచుటకు సాధనమును నదియే.