పై దవడలో పిల్ల కాలువను గుర్తించిన వుడ్ జోన్స్

ఊడిన ముందు పన్నుకు బదులుగా దవడ ఎముకలో స్క్రూ బిగించి కొత్త పన్ను కట్టించుకొనుటకు పల్లెవాసులు బ్రూస్‌పేట దాకా వచ్చే రోజులివి. కొందరికి స్క్రూ సరిగానే కుదిరి, చిగుళ్లు మానినా పోటు మాత్రం వదలదు. అటువంటప్పుడు వైద్యులు అనుమానించే కారణాలలో వెంట్రుక వంటి ఒక నాడీమార్గం ఉన్నది. దానికి కెనాలిస్ సైనుయోసస్, అనగా వంకరల కాలువ, అని పేరు పెట్టినవారు ఫ్రెడరిక్ వుడ్ జోన్స్.

1879 జనవరి 23న లండన్‌లో జన్మించిన ఈయన 1904లో వైద్య పట్టా పొందారు. మరుసటి ఏడు హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవులకు తంతి కంపెనీ వైద్యునిగా వెళ్లి, తీరిక వేళల్లో పగడపు దిబ్బలను పరిశోధించారు. ఆ దీవుల యజమాని కుమార్తెనే తరువాత వివాహమాడారు. 1907లో నూబియా చేరారు. అస్వాన్ ఆనకట్ట ఎత్తు పెంచితే మునిగిపోయే ప్రాచీన సమాధులలోని వేలాది అస్థిపంజరాలను పరీక్షించే పని అది. ఒక మనిషి ఎముక వలె మరొక మనిషి ఎముక ఉండదన్న ఎరుక ఆయనకు అక్కడే బలపడి ఉండవచ్చు.

అడిలైడ్, హవాయి, మెల్బోర్న్ విశ్వవిద్యాలయాలలో బోధించి, 1938లో మాంచెస్టర్ ఆచార్యులయ్యారు. మానవుని పూర్వీకులు వానరశాఖకు చెందినవారు కారని, టార్సియర్ అనే చిన్న జంతువుకు దగ్గరివారని ఆయన పట్టుబట్టారు. ఆ వాదన నిలువలేదు. 1939లో దవడపై రాసిన వ్యాసం మాత్రం నిలిచింది.

కంటి గుంట అడుగున చెంపకు పోయే నాడి కాలువ ఒకటున్నది. తుంగభద్ర కాలువ నుండి పిల్ల కాలువ చీలినట్లు, దానిలోనుండి ఒక సన్నని పాయ పక్కకు చీలుతుంది. అది చెంప ఎముకలోని గాలిగది ముందు గోడలో ముక్కువైపు మళ్లి, ముక్కు రంధ్రపు అంచు వెంట దిగి, నడిమి గోడ చెంత ముగుస్తుంది. పొడవు సుమారు 55 మిల్లీమీటర్లు, మలుపులు రెండు. ముందు పళ్లకు స్పర్శనిచ్చే నాడి, రక్తనాళాలు ఇందులోనే సాగుతాయి.

చిక్కు ఏమనగా, ఈ మార్గం అందరిలో ఒక్క తీరున ఉండదు. కొందరిలో కొమ్మలు వేసి, ముందు పళ్ల వెనుక అంగిలిలో తెరుచుకొంటుంది. మామూలు ఎక్స్‌రేలో ఆ రంధ్రం వేరు కొసన చీము పట్టిన మచ్చ వలె కనబడి, చెడని పన్నుకు వైద్యం జరిగే ప్రమాదమున్నది. స్క్రూ దానిని తాకితే నొప్పి, తిమ్మిరి, రక్తస్రావం కలుగవచ్చు. ఇటువంటి కొమ్మలు అరుదని చాలాకాలం భావించారు. దవడను అన్ని వైపుల నుండి చూపే కోన్‌బీమ్ స్కాన్ వచ్చిన తరువాత అవి అంత అరుదు కావని తేలింది. అందుకే స్క్రూకు ముందు ఆ స్కాన్ అవసరమా అని దంతవైద్యుని అడుగుట మంచిది.

1945లో వుడ్ జోన్స్ లండన్‌కు తిరిగి వచ్చి, యుద్ధకాలపు బాంబులకు బాగా దెబ్బతిన్న శస్త్రవైద్యుల రాయల్ కళాశాల మ్యూజియం బాధ్యత స్వీకరించారు. 1952 వరకు ఆ పనిలోనే గడిపి, 1954 సెప్టెంబర్ 29న కన్నుమూశారు. కోన్‌బీమ్ స్కాన్ దంతవైద్యానికి అందినది మరి నాలుగు దశాబ్దాల తరువాత.