గుమాస్తా ఐన్‌స్టీన్ – ముగ్గురు సభ్యుల అకాడమీ

ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ మహాశయుని పేరు వినని విద్యావంతులు ఉండరు. చెదరిన తెల్లజుట్టుతో ఉన్న ఆయన బొమ్మను మన పిల్లలు కూడా గుర్తుపడతారు. కాని జగత్ప్రసిద్ధి పొందకముందు ఆయన ఏడేళ్లు సర్కారు కచేరీలో చిన్న ఉద్యోగం చేశారనీ, ఆ రోజులలో మిత్రులతో కలిసి ఒక చర్చాగోష్ఠి నడిపారనీ చాలామందికి తెలియదు. ఈ ఉగాది సంచికలో ఆ గోష్ఠిని గురించి నాలుగు మాటలు చెప్పదలచాను.

ఐన్‌స్టీన్ 1879 మార్చి 14న జర్మనీలోని ఉల్మ్ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. మరుసటి సంవత్సరమే ఆ కుటుంబం మ్యూనిక్ చేరినది. అక్కడ తండ్రి నడిపిన విద్యుత్ పరికరాల వ్యాపారం 1894లో దెబ్బతిని, అందరూ ఇటలీకి తరలిపోయారు. చదువు కోసం మ్యూనిక్‌లో ఒంటరిగా మిగిలిన కుర్రవాడు బడి మానుకొని తల్లిదండ్రుల దగ్గరకు వెళ్లిపోయాడు. 1896లో జర్మన్ పౌరసత్వం వదులుకొని, 1901లో స్విట్జర్లండు పౌరసత్వం దొరికేవరకు ఐదేళ్లపాటు ఏ దేశానికీ చెందనివాడుగా ఉన్నాడు. ఊరు మారడం, భాష మారడం అంటే ఏమిటో మన కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు.

1900లో జూరిక్ పాలిటెక్నిక్‌లో చదువు ముగిసినది. తోటి విద్యార్థులకు అక్కడే సహాయకోద్యోగాలు దొరికినవి గాని ఆయనకు దొరకలేదు. ఎన్ని అర్జీలు పంపినా ఫలితం లేకపోయినది. చివరకు సహాధ్యాయి గ్రోస్‌మన్ తండ్రి చేసిన సిఫారసు మీద బెర్న్ నగరంలోని పేటెంటు కార్యాలయంలో ఆశ పుట్టినది. ఆ పని ఖాయమయ్యేలోగా పొట్ట గడవాలి కదా! 1902 ఫిబ్రవరిలో, గణితం, భౌతికశాస్త్రం చెప్పబడునని పత్రికలో ప్రకటన వేయించారు.

ఆ ప్రకటన చూసి వచ్చినవాడు మారిస్ సొలోవిన్. రుమేనియా నుంచి వచ్చి బెర్న్‌లో తత్త్వశాస్త్రం చదువుకుంటున్న యువకుడు. కొద్ది రోజులకే పాఠాల కన్నా మాటలే ఎక్కువైనవి. ఇక పాఠాలు వద్దు, వచ్చి మాట్లాడుకుంటే చాలునని గురువుగారే తేల్చారు. గణిత విద్యార్థి, పాత మిత్రుడు అయిన కాన్రాడ్ హాబిఖ్ట్ మూడవవాడుగా చేరాడు. పెద్ద పెద్ద విద్వత్సభలను వేళాకోళం చేస్తూ దీనికి ఒలింపియా అకాడమీ అని పేరు పెట్టుకున్నారు. ఐన్‌స్టీనే అధ్యక్షులు.

1902 జూన్‌లో మూడవ తరగతి సాంకేతిక పరిశీలకుడుగా ఉద్యోగం వచ్చినది. జీతం సాలుకు 3,500 ఫ్రాంకులు. వారానికి ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు పని. అదే ఏడాది అక్టోబరులో తండ్రి మిలాన్‌లో కాలం చేశారు. 1903 జనవరిలో సహాధ్యాయిని మిలేవాను వివాహమాడగా, అకాడమీ సభ్యులిద్దరూ సాక్షి సంతకాలు పెట్టారు. తరువాత ఆమె కూడా కూర్చుని చర్చలు వినేది.

అకాడమీ విందు అంటే కొంచెం సాసేజి, జున్ను, పండ్లు, తేనె, టీ. ఒక పుస్తకం తెరచి ఒక పేజీయో, అర పేజీయో, ఒక్కొక్కప్పుడు ఒక్క వాక్యమో చదివేవారు. దాని మీద వాదన రోజుల తరబడి సాగేది. ఐన్‌స్టీన్ పుట్టినరోజున మిత్రులు కేవియార్ అనే ఖరీదైన చేపగుడ్ల పదార్థం తెచ్చిపెట్టారు. ఆయన గెలీలియో జడత్వ నియమం గురించి చెప్పుకుంటూ అదంతా తినేశారు. ఏమి తిన్నారో మిత్రులు చెప్పినదాకా ఆయనకు తెలియనే తెలియదు!

వారు చదివిన గ్రంథాలలో హ్యూమ్, మాఖ్, పాయింకరే రచనలు ముఖ్యమైనవి. రేపు కూడా సూర్యుడు ఉదయిస్తాడని మన మెట్లా అనగలం? ఇన్నాళ్లూ చూచిన అలవాటు తప్ప వేరే రుజువు ఉన్నదా? ఇది హ్యూమ్ లేవదీసిన చిక్కు. కొలవడానికి వీలులేని నిరపేక్ష కాలాన్ని న్యూటన్ ఎందుకు ఒప్పుకున్నాడని మాఖ్ నిలదీశాడు. రెండు దూరపు ఊళ్లలో జరిగిన సంగతులు ఒకే సమయాన జరిగినవని మనకు నేరుగా తెలియదని పాయింకరే వ్రాశాడు.

1905లో ఐన్‌స్టీన్ వ్రాసిన సాపేక్షతా వ్యాసం, ఉపోద్ఘాతం తరువాత మొదటి విభాగంలోనే ఈ ప్రశ్నను ఎత్తుకుంటుంది. అందులోని ఉదాహరణ మా రైల్వేవారికి ఇష్టమైనది: బండి ఏడు గంటలకు వచ్చినది అంటే ఏమిటి? గడియారపు చిన్న ముల్లు ఏడు మీదికి రావడమూ, బండి రావడమూ ఏకకాలంలో జరిగినవని అర్థం. గడియారం పక్కనే ఉంటే చిక్కు లేదు. దూరపు స్టేషనులోని గడియారంతో సరిచూడాలంటే కాంతి వంటి ఏదో సంకేతం పంపాలి; దాని ప్రయాణానికి కాలం పడుతుంది. ఆ లెక్క సరిగా వేస్తే, ప్లాట్‌ఫారం మీదివానికి ఏకకాలమైనది పరుగెత్తే బండిలోనివానికి ఏకకాలం కాదని తేలుతుంది. ఆనాటికి మన దేశంలో రైళ్లకు మద్రాసు టైము నడిచేది. భారతీయ ప్రామాణిక కాలం 1906 జనవరి 1న గాని రాలేదు.

సిద్ధాంతం ఐన్‌స్టీన్‌దే. కాని అందరూ ఒప్పేసుకున్న మాటను ఆపి అడిగే ధైర్యాన్ని హ్యూమ్, మాఖ్‌ల పఠనం తనకు ఇచ్చినదని ఆయనే తరువాత ఒప్పుకున్నారు. కచేరీలో తోటి ఉద్యోగి అయిన బెస్సోకు ఆ వ్యాసం చివర కృతజ్ఞత చెప్పారు. బెర్న్ విడిచిపోయిన హాబిఖ్ట్‌కు, అచ్చు కాకముందే ఆ ఏటి వ్యాసాల సంగతి ఉత్తరంలో తెలియజేశారు.

1905లో సొలోవిన్ కూడా వెళ్లిపోగా అకాడమీ ముగిసినది. ఐన్‌స్టీన్ 1909లో కచేరీ వదిలి జూరిక్, ప్రాగ్, బెర్లిన్ విశ్వవిద్యాలయాలలో ఆచార్యులైనారు. 1921వ సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనకు వచ్చినది. 1933లో హిట్లరు అధికారానికి రాగా జర్మనీకి తిరిగి వెళ్లక, అమెరికాలో ప్రిన్స్‌టన్ చేరారు. మళ్లీ కొత్త దేశం, కొత్త భాష. 1953లో పారిస్‌లో కలుసుకున్న పాత మిత్రులిద్దరూ అకాడమీ పేరిట కార్డు వ్రాస్తే, మహామహుల గౌరవాలు పొందిన ఆ వృద్ధుడు అకాడమీనే సంబోధిస్తూ ప్రేమగా జవాబు వ్రాశారు. రెండేళ్ల తరువాత, 1955 ఏప్రిల్ 18న పరమపదించారు.

మన సంఘంలో పంచాంగ శ్రవణం ఉన్నది, నాటకాలు ఉన్నవి, పిల్లలకు పాటల పోటీలు ఉన్నవి. నెలకొక సాయంకాలం ఒక మంచి పుస్తకంలో అర పేజీ చదివి, ఇది నిజమని మనకెట్లా తెలుసునని పిల్లలను అడగనిస్తే ఖర్చు ఏమీ లేదు. నలుగురు కూర్చునే చాప, తలా ఒక గ్లాసు కాఫీ ఉంటే చాలు.